పథ్యం రాయని రిపోర్టు

1998లో నేను రాజమండ్రి దానవాయిపేటలో ఒక ప్రైవేటు లాబొరేటరీలో పాథాలజిస్టుగా పనిచేస్తున్నాను. పాథాలజిస్టు రోగిని చూడడు. రోగి శరీరంలోంచి తీసిన ముక్కను చూస్తాడు. ఆసుపత్రుల నుంచి సీసాలు వచ్చేవి. సీసా మీద పేరు, వయసు. లోపల ఫార్మలిన్‌లో మునిగిన చిన్న ముక్క. దాన్ని మైనంలో గట్టిపరచి, వెంట్రుకకన్నా పలచని పొరలుగా కోసి, రంగు పట్టించి గాజుపలక మీదికి ఎక్కిస్తే నా పని మొదలవుతుంది. మనుషులు మరిచిపోతారు, పెంచి చెబుతారు, భయపడి దాస్తారు. గాజుపలక ఇవేవీ చేయదని నా నమ్మకం. రుజువు లేని మాటను ఒప్పుకోకపోవడం నాకు చదువు నేర్పిన అలవాటు. ఆ అలవాటును ఇప్పటికీ వదులుకోలేదు. అది నా చేత ఒకసారి ఎంత పెద్ద తప్పు చేయించిందో ఇక్కడ రాస్తున్నాను.

ఆ ఏడు ఆగస్టులో సత్యవేణి అనే ఇరవయ్యారేళ్ల అమ్మాయి బయాప్సీ వచ్చింది. ఊరు మొగల్తూరు. సీసాతో వచ్చిన ఫారంలో ఒకటే వాక్యం: రక్తహీనత, ఐరన్ మాత్రలకు లొంగడం లేదు. ఎండోస్కోపీలో, అంటే నోటి గుండా గొట్టం దింపి చూసే పరీక్షలో, చిన్నపేగు మొదటి భాగం నుంచి నాలుగు ముక్కలు తీశారు.

చిన్నపేగు లోపలి గోడ నున్నగా ఉండదు. దాని మీద విల్లై అనే సన్నని పోగులు, ఎదిగిన నారుమడిలా, ఒత్తుగా నిలబడి ఉంటాయి. తిన్న అన్నంలోని సారాన్ని రక్తంలోకి లాగేవి అవే. సత్యవేణి స్లైడులో ఆ పోగులు కొంచెం పొట్టిగా ఉన్నాయి, అంతే. వాటి పైపొరలో లింఫోసైట్లనే రక్షక కణాలు మామూలుకన్నా కాస్త ఎక్కువ కనిపించాయి. మన నీళ్లు తాగే, మన కాలవల పక్కన బతికే చాలామందిలో ఇంతమాత్రం మార్పు ఉంటుంది. "ప్రత్యేకత లేని స్వల్ప వాపు. చెప్పుకోదగిన వ్యాధి లేదు" అని రాసి సంతకం పెట్టాను.

మూడో రోజున రిపోర్టు కోసం సత్యవేణి అత్తగారు అచ్చాయమ్మ గారు వచ్చారు. కోడలు బల్ల మీద గోడకానుకుని కూర్చుంది. కవరు అందుకున్నాక కూడా ఆవిడ కదలలేదు. డాక్టరుతో ఒక మాట చెప్పాలని పట్టుబడితే ఇద్దరినీ లోపలికి రమ్మన్నాను.

ఆవిడ చెప్పినదాని సారాంశం ఇది. పెళ్లయి నాలుగేళ్లయింది. కొడుక్కు రొయ్యల చెరువులున్నాయి. ఇంట్లో మామగారికి షుగరు రావడంతో రాత్రిపూట అందరికీ చపాతీలు అలవాటయ్యాయి. పొద్దున ఉప్మాయో పూరీయో. కోడలి పుట్టింట్లో మాత్రం మూడు పూటలా అన్నమే. కాపురానికి వచ్చిన ఏడాదికే పిల్లకు విరేచనాలు మొదలయ్యాయి, ఒళ్లు తీసేసింది. రెండుసార్లు నెల తప్పి మూడో నెలలోనే పోయింది. అత్తగారు కడుపుకు పెట్టడం లేదని వీధిలో అనుకున్నారు. ఎనిమిది నెలల కిందట ఆవిడ తనకు తోచిన పథ్యం మొదలుపెట్టారు: పాత బియ్యపు అన్నం, చారు, బీరకాయ, మజ్జిగ. గోధుమ సరుకు ఇంట్లో కోడలికి పూర్తిగా బంద్. విరేచనాలు కట్టాయి. చెంపలు కాస్త నిండాయి. రక్తమే ఇంకా పట్టడం లేదు.

"పిల్ల పథ్యం మీదుందండి," అన్నారావిడ. "ఆ సంగతి మీ కాయితంలో రాయక్కర్లేదాండి?"

"మైక్రోస్కోపుకు పథ్యాలు కనిపించవమ్మా," అన్నాను. బాగానే చమత్కరించానని కూడా అనుకున్నాను.

"గోధుమ వేడండి. ఈ పిల్లకి పడదు."

వేడి, చలువ అనేవి కొలవడానికి వీల్లేని మాటలని వివరించాను. పథ్యాల పేరుతో బాలింతలను, కామెర్ల రోగులను ఎండబెట్టడం నేను చాలా చూశాను. ఆ కోపం కూడా నా గొంతులో ఉండి ఉంటుంది. పేగు బాగానే ఉందని, ఆ అమ్మాయికి కావలసింది బలమైన తిండేనని, అన్నీ పెట్టమని చెప్పాను. ఆవిడ కోడలి వైపు చూసి, "విన్నావా, ఇంత చదువుకున్నవారు చెబుతున్నారు," అన్నారు. ఆ మాటలో ఓటమి కన్నా ఊరటే ఎక్కువగా వినిపించింది.

పది నెలల తరువాత, ఎండలు ముదిరిన రోజుల్లో, అదే పేరుతో మరో సీసా వచ్చింది. ఈసారి ఫారంలో చాలా రాసి ఉంది. ఆరో నెలలో గర్భస్రావం. రక్తం ఆగక, ప్రాణం దక్కించడానికి గర్భసంచి తీసివేశారు. కాళ్ల వాపు, విడవని విరేచనాలు, హిమోగ్లోబిన్ మామూలులో సగానికన్నా తక్కువ.

కొత్త స్లైడును మైక్రోస్కోపు కింద పెట్టాను. విల్లై లేవు. నాట్లకు ముందు దమ్ము చేసిన చేనులా పేగు గోడ చదునుగా ఉంది. పైపొర నిండా లింఫోసైట్లు. పాత స్లైళ్ల పెట్టెలోంచి ఆగస్టు నాటి పలక తీయించాను. అందులోని లింఫోసైట్లను ఈసారి ఉజ్జాయింపుగా కాక, వంద పైపొర కణాలకు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి చూశాను. హద్దు దాటే ఉన్నాయి. అప్పుడు నేను లెక్కపెట్టలేదు.

గోధుమ పిండిని నీళ్లతో కలిపితే సాగే గుణం వస్తుంది. ఆ గుణాన్నిచ్చే మాంసకృత్తు గ్లూటెన్. బార్లీలోనూ దాని దగ్గరి బంధువు ఉంది, వరిబియ్యంలో లేదు. కొందరిలో గ్లూటెన్ పేగుకు తగిలితే వారి రక్షక వ్యవస్థ సొంత పేగు గోడ మీదే దాడి చేస్తుంది. దీన్ని సీలియాక్ వ్యాధి అంటారు. గోధుమ మానేస్తే గోడ నెమ్మదిగా మళ్లీ మొలుస్తుంది. అందువల్ల మానేసిన తరువాత బయాప్సీ తీస్తే జబ్బు దాదాపు కనబడకుండా పోవచ్చు. ఇది కొత్త విషయం కాదు. నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న విషయం. కాని మేము చదివిన పుస్తకాలు దీన్ని గోధుమ తినేవాళ్ల జబ్బుగా వర్ణించాయి. మన డెల్టాలో ఇది లేదని ఎవరూ రుజువు చేయలేదు. ఉందేమోనని ఎవరూ వెతకలేదు. ఈ రెండింటికీ ఉన్న తేడాను ఇతరులకు చెప్పే నేను, నా బల్ల ముందు దాన్ని మరిచిపోయాను.

ఆ సాయంత్రం ఆమె ఉన్న నర్సింగ్ హోముకు నడిచి వెళ్లాను. చాలా ఏళ్లుగా నేను వార్డులోకి అడుగుపెట్టలేదు. సత్యవేణి కళ్లు మూసుకుని పడుకుని ఉంది. మంచం పక్క బల్ల మీద మూడు బ్రెడ్డు పొట్లాలు, ఒక మాల్టు పొడి డబ్బా ఉన్నాయి.

"చుట్టాలు తెచ్చారండి," అన్నారు అచ్చాయమ్మ గారు. "ఆసుపత్రికి ఉత్తచేతుల్తో ఎలా వస్తారు. పాలలో ముంచి పెడుతున్నాను, అదొక్కటే దిగుతోంది."

మన వైపు బ్రెడ్డు అంటేనే రోగి తిండి. జ్వరమొస్తే అన్నం మానిపించి పాలూ బ్రెడ్డూ పెడతాం. ఈ అమ్మాయికి నయం కావాలని తెచ్చిన ప్రతి పొట్లమూ జబ్బుకు మేతయింది. గోధుమ బ్రెడ్డు, బార్లీతో చేసే మాల్టు డబ్బా తీసేయించి, ఏ నెలలో ఏం తిన్నదో చెప్పమని అత్తగారిని అడిగాను. ఆవిడకు తారీఖులు రావు. సార్వా నాట్లు, దాళ్వా కోతలు, చెరువులో రొయ్య పట్టిన రోజులను బట్టి చెప్పుకుంటూ పోయారు. నేను కాగితం మీద రెండు వరసలుగా రాసుకున్నాను: తిండి ఒక పక్క, ఒంటి తీరు ఒక పక్క. ఎక్కడా తేడా రాలేదు. నా రిపోర్టు అందిన వారం నుంచే చపాతీలు మళ్లీ మొదలయ్యాయి. నెల తప్పాక బలానికని మాల్టు పొడి, వేవిళ్లకు బ్రెడ్డు. విరేచనాలు తిరిగి వస్తే నీళ్లు పడలేదనుకున్నారు. నా కన్నా ఆవిడే మంచి పరిశీలకురాలని ఆ కాగితం చూస్తేనే తెలిసింది. ఆవిడ చెప్పిన కారణం తప్పు. చూసింది మాత్రం ఒప్పు. కారణం తప్పయినందుకు నేను చూపును కూడా కొట్టిపారేశాను.

ఫిజీషియన్‌తో మాట్లాడాను. మద్రాసుకు పంపి చేయించిన రక్తపరీక్షలో ఈ జబ్బుకు సంబంధించిన యాంటీబాడీలు ఉన్నట్టు తేలింది. గోధుమ, బార్లీ పూర్తిగా ఆపేశారు. మూడు వారాల్లో కాళ్ల వాపు తగ్గింది. ఇంటికి పంపే ముందు రోజున సత్యవేణి నన్ను చూడాలందని కబురొచ్చింది. మంచం మీద లేచి కూర్చుని ఉంది. అత్తగారు మందులకు వెళ్లారు.

"అత్తయ్య పథ్యం ఆపకుండా ఉంటే నా బిడ్డ బతికేదాండి?"

ఆ ప్రశ్నకు నిజాయితీగల జవాబు ఒకటే ఉంది, అదే చెప్పాను. ఈ జబ్బులో గర్భాలు పోవడం ఎక్కువే. అయినా ఒక్కరి విషయంలో దీనివల్లే పోయిందని తేల్చి చెప్పలేము.

"అయితే పోయేదేనని కూడా చెప్పలేరు కదండి."

"చెప్పలేనమ్మా."

ఆమె తల ఊపింది. రుజువు లేదన్న మాట నిజమే. కాని ఆ నిజం ఆ పూట నాకు పనికొచ్చినంతగా ఆమెకు పనికిరాలేదు.

లాబుకు తిరిగి వచ్చి సవరణ రిపోర్టు తయారుచేశాను. మొదటి బయాప్సీ నాటికి రోగి ఎనిమిది నెలలుగా గోధుమ మానేసి ఉన్నదని, ఆ సంగతి తెలిసీ లెక్కలోకి తీసుకోలేదని, పాత అభిప్రాయాన్ని ఉపసంహరించుకుంటున్నానని స్పష్టంగా రాసి ఫిజీషియన్‌కు పంపాను. మా వృత్తిలో తప్పు జరిగితే చేయవలసిన పని అదే. చేశాను గనుక నా వంతు తీరిందనుకున్నాను.

2005లో సత్యవేణి ఒంటరిగా లాబుకు వచ్చింది. మనిషి కోలుకుంది, జుట్టు మాత్రం తొందరగా నెరిసింది. సంచిలోంచి మూడు ఇంగువ డబ్బాలు తీసి బల్ల మీద పెట్టింది. ఏమీ తప్పు తినకపోయినా అప్పుడప్పుడూ కడుపు పాడవుతోందని, ఇంగువలో పిండి కలుపుతారని కొట్టతను చెప్పాడని, ఒక్కసారి చూసిపెట్టమని అడిగింది.

ఈసారి చూశాను. గోధుమ పిండి రేణువులు పెద్దవి, గుండ్రనివి; బియ్యపు పిండివి చిన్నవి, మూలలు తేలినవి. రెండు డబ్బాల్లో గోధుమ రేణువులు స్పష్టంగా కనిపించాయి. మూడోదానిలో కనిపించలేదని, కనిపించకపోతే లేనట్టు కాదని, మొత్తానికే మానేయడం మేలని చెప్పాను.

"మీరు ఇప్పటికీ అలాగే మాట్లాడతారండి," అని కొంచెం నవ్వింది. తరువాత, "ఇదివరకు ఇవన్నీ అత్తయ్యే కనిపెట్టేవారు. పోయిన ఏడాది పోయారండి," అంది.

నేను విచారం తెలియజేశాను. ఆమె చెప్పుకుంటూ పోయింది. బిడ్డ పోయాక వీధిలో ఒకావిడ అచ్చాయమ్మ గారిని మొహం మీదే అడిగిందట, పథ్యాలు పెట్టి కోడలి కడుపు ఎండగట్టింది చాలదా అని. కాని అత్తగారిని తినేసిన బెంగ అది కాదట.

"'బ్రెడ్డు నా చేత్తోనే పెట్టానే, తెలిసుండీ పెట్టానే' అనేవారండి. పోయే ముందు కూడా అదే మాట. నేను ఎంత చెప్పినా వినలేదు."

అప్పుడు చెప్పాను. పెట్టమన్నది నేనని, ఆవిడ సందేహం సరైనదని, తప్పు నాదేనని ఆ సంవత్సరమే రాతపూర్వకంగా ఒప్పుకున్నానని.

"ఎక్కడ రాశారండి?"

"మీ డాక్టరు గారికి పంపాను."

"ఇంగ్లీషులోనా?"

అవునన్నాను.

"ఆవిడకి చెప్పుంటే బాగుండేదండి," అంది సత్యవేణి. గొంతులో కోపం లేదు. "మీరు పెట్టమంటే నమ్మారు. మీదే తప్పంటే అదీ నమ్మేవారు."

ఇప్పుడు మా ఫారంలో రోగి ఏం తింటున్నారు, ఏం మానేశారు అని అడిగే గడి ఒకటి ఉంది. చాలావరకు ఖాళీగానే వస్తుంది. ఫోను చేసి కనుక్కుంటాను. అది సులువైన పాఠం. కష్టమైనది రెండోది. తప్పు రిపోర్టును సవరిస్తే సరిపోదు. దాన్ని నమ్మి ఎవరి చేతులు పనిచేశాయో వెతికి, వారి ఎదురుగా కూర్చుని, వారి భాషలో చెప్పాలి. ఆ తరువాత నేను అలా నలుగురైదుగురికి చెప్పాను. ఒకరు తిట్టారు, ఒకరు ఏడ్చారు. మొదట చెప్పవలసిన మనిషికి మాత్రం, ఐదేళ్లు సమయముండి కూడా, నేను చెప్పలేదు.