అమ్మ వేళ్ల మీది పన్నెండు

చదువు కోసం జర్మనీలోని మాగ్డెబర్గ్‌కు వచ్చిన కొత్తలో ఒక బేకరీలో మూడు రొట్టెలు అడగవలసి వచ్చింది. జర్మన్ మాట నోటికి రాలేదు. చూపుడు వేలి కొసకు బొటనవేలు ఆనించి చెయ్యి చూపాను. మా ఇంట్లో అది మూడు. కౌంటరు వెనుక ఉన్న ఆవిడ సంతోషంగా నవ్వి, తానూ అలాగే వేళ్లు కలిపి చూపింది. నేను ఆమె రొట్టెలను మెచ్చుకుంటున్నానని అనుకున్నది. అప్పటి నుండి ఏది లెక్కపెట్టినా చేతిని కోటు జేబులోనే ఉంచుకోవడం అలవాటయింది.

అమ్మ వారపు అంగళ్లలో గాజులు అమ్ముతుంది. ఆమె లెక్క వేలి కణుపుల మీద సాగుతుంది: వేలికి మూడు, నాలుగు వేళ్లకు పన్నెండు. కుడి బొటనవేలు చూపుడు వేలి అడుగున మొదలై, ఒక్కో వేలినీ అడుగు నుండి కొస దాకా ఎక్కుతూ, చిటికెన వేలి కొసకు చేరితే ఒక డజను. అప్పుడు ఎడమ బొటనవేలు ఒక కణుపు జరుగుతుంది. ఆమె గాజులను మలారం తాడుకు ఎక్కిస్తుంటే, పక్కన కూర్చొని బడిలో విన్న పాఠమంతా అప్పగించేదాన్ని. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. నా పాఠం వినడమే ఆమె చదువు. ఇక్కడికి వచ్చాక అది ఆగిపోయింది. "ఇయ్యాల ఏం జెప్పిన్రు బిడ్డా?" అని ఫోనులో అడిగేది. "కంప్యూటర్ది అమ్మా" అని ముగించేదాన్ని. ఆమె మళ్లీ అడిగేది కాదు.

ఒక రోజు తరగతిలో ప్రొఫెసర్ సంఖ్యలను పదేసికి బదులు పన్నెండేసి గుంపులుగా రాసి, వాటి గుణాలను వివరించారు. అలా రాస్తే, చివరి అంకెను బట్టే సంఖ్య మూడుతో, నాలుగుతో శేషం లేకుండా భాగం పోతుందో లేదో తెలుస్తుంది. జేబులో నా బొటనవేలు దానంతటదే కదిలింది. విరామం ఇవ్వగానే అమ్మకు వీడియో కాల్ చేశాను.

"అమ్మా, లెక్క ఆగినప్పుడు కుడి బొటనవేలు ఏ వేలి కొస మీదున్నా సరే, ఆ గాజులు ముగ్గురికి సమానంగ వస్తయి."

"ఎడమ బొటనవేలు ఏడ ఉన్నా?"

"ఏడ ఉన్నా. డజను ఎట్లైనా ముగ్గురికి సరిపోతది గద. మిగిలినయే చూడాలె."

అమ్మ ఫోనును గోడకు ఆనించి, ముందున్న గాజులు లెక్కపెట్టింది. రెండు డజన్ల మీద, మధ్యవేలి కొసన ఆగింది. మూడు కుప్పలు పోసింది. ఒక్కటీ మిగల్లేదు.

"నిజమేనే! మరి నలుగురికైతే?"

"మధ్యవేలి అడుగు, ఉంగరపు వేలి నడుమ, చిటికెన వేలి కొస."

ఆ మూడు చోట్లా వేలు ఆనించి చూసుకుంది. "మెట్లెక్కినట్టున్నది. గిది నా చేతుల్నే ఉండె. దీనికోసం గంత దూరం పోవాల్నా?" అని పకపకా నవ్వింది.

తెర మీద ఆ చేయి చాలా దగ్గరగా కనిపించింది. పట్టుకోవాలనిపించింది.

"రేపేం జెప్తవు మరి?"

"చెప్త అమ్మా" అన్నాను.

తిరిగి వెళ్తూ ట్రాములో పుస్తకం తెరిచి రాబోయే పాఠాలన్నీ తిరగేశాను. పుట పుటకూ బొటనవేలిని కణుపుల మీద నడిపించి చూశాను. ఆమె వేళ్లకు అందేది ఒక్కటీ దొరకలేదు. ఎదుటి సీటులోని పెద్దాయన నా చేతినే చూస్తున్నారు. నేను దానిని జేబులో పెట్టుకోలేదు. మళ్లీ మొదటి పుట నుండి వెదకసాగాను.