బానెట్ పక్కన బాపు చెయ్యి

మా అక్క మొదటి కూతురు సూరత్ ఆసుపత్రికి పోయే దారిలో, పల్సానా చౌరస్తా దగ్గర ఆటోలో పుట్టింది. పుట్టాక కూడా ఆ డ్రైవర్ హారన్ కొట్టడం మానలేదు. రెండో కాన్పుకైనా తలుపులున్న బండి ఉండాలని ఇంట్లో తీర్మానం జరిగింది. బండిని ఎంచి తెచ్చే పని నాకప్పగించారు. ఇంట్లో లైసెన్సున్నది నాకొక్కడికే. బుర్ర సంగతి ఎవరూ అడగలేదు.

సెకండ్ హ్యాండ్ కారు. కొనేముందు నడిపి చూశాను, ఏసీ ఫుల్లు, పాటలు ఫుల్లు. అలా చూస్తే రోడ్డు రోలర్ కూడా మెత్తగానే పోతుంది.

మర్నాడు పాటలు కట్టేసి నడిపితే అసలు సంగీతం వినిపించింది. సెకండ్ గేర్లో ఎక్సిలరేటర్ తొక్కగానే ముందునుంచి ‘ఠక్’. కాలు తీస్తే ఇంకో ‘ఠక్’. బండి నిలబెట్టి ఎంత రేజ్ చేసినా మాత్రం ఏ చప్పుడూ లేదు, పసిపాపంత అమాయకంగా ఉండేది.

ఎవరికీ చెప్పలేదు. అమ్మో అక్కో ఎక్కితే పాటల వాల్యూమ్ పెంచేవాణ్ని. బాపుతో, అంటే మా నాన్నతో, ఆ కష్టం కూడా లేదు. ఆయన ముప్పై ఏళ్లు సాంచెల మీద పనిచేశాడు. మరమగ్గాలను మావాళ్లు అలాగే అంటారు. ఆ రొదకు చెవులు ఎప్పుడో రాజీనామా ఇచ్చాయి, ఇప్పుడు మన పెదాలు చూసి మాట పోల్చుకుంటాడు. ఇంతకంటే మంచి ప్యాసింజర్ దొరకడని లోలోపల సంబరపడ్డాను. రాయడానికి ఇప్పుడు సిగ్గుగానే ఉంది.

డాక్టరిచ్చిన తేదీకి ఇంకా ఐదు రోజులున్నాయనగా ‘ఠక్’ కాస్తా ‘ఢక్’ అయింది. మధ్యాహ్నం అన్నం తిని, గాలి కొట్టించుకొస్తానని తాళంచెవి తీశాను. బాపు వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు.

హైవే పక్కన మెకానిక్ ఒక రౌండు కొట్టి వచ్చి, ఆపరేషన్ థియేటర్ నుంచి బయటికొచ్చిన డాక్టరులా నిలబడ్డాడు.

“గేర్‌బాక్స్ ఖోల్నా పడేగా, భాయ్. చార్ దిన్.”

విప్పాలట, నాలుగు రోజులట. అక్క కడుపులో ఉన్నవాళ్లకు ఈ టైంటేబుల్ ఎవరు చెప్పాలి?

“ఏమంటున్నడు?” అని బాపు అరిచాడు. ఆయన మామూలుగా మాట్లాడటమే అది.

“ఏం లేదు బాపూ. గాలి తక్కువుందట.”

“గాలి గాదు. బండి కదిలినప్పుడల్లా నా కాళ్లకు కొడుతున్నది. కింద బోల్టు వదులైతే సాంచె గిట్లనే ఎగురుతది. బానెట్ ఎత్తు.”

చక్రాలకు ఇటుకలు పెట్టించాడు. హ్యాండ్‌బ్రేక్ వెయ్యాలి, బ్రేక్ తొక్కి పట్టాలి, ఫస్ట్ గేర్లో క్లచ్ కొద్దికొద్దిగా వదలాలి. బండి కదలడానికి లేదు కాబట్టి ఇంజన్ కదులుతుంది, ఎటు కదిలితే రోగం అటే. బాపు బండి ముందు నిలబడబోతే బతిమాలి పక్కకు జరిపాను. జరిగాడు, జానెడు.

లేచిన బానెట్ వెనక ఆయన కనబడడు. పక్కనుంచి ఒక చెయ్యి మాత్రం కనబడుతుంది. సాంచెల కాడ మాటలన్నీ చేతులతోనే. వేళ్లు తిప్పితే నడిపించు, అరచెయ్యి కిందికి దించితే ఆపు. నా కుడికాలు బ్రేక్ మీద, ఎడమకాలు క్లచ్ మీద, బాపు ప్రాణం ఆ రెంటి మధ్య.

వేళ్లు తిరిగాయి. క్లచ్ వదిలాను. బండి ముక్కు వణికింది. వేళ్లు ఇంకా తిరిగాయి. ఇంకొంచెం వదిలాను. ఢక్! ఒక ఇటుక జరిగిన చప్పుడు. చెయ్యి మాయమైంది.

రెండు కాళ్లతో తొక్కేసి, తాళం తిప్పేసి, దూకి పరుగెత్తాను. బాపు వంగి, ఇంజన్ పక్క సందులోకి చూస్తున్నాడు.

“ఎందుకు ఆపినవ్‌రా?”

“నీ చెయ్యి కనబడలే!”

“చెయ్యి పన్ల ఉంటే నీకెట్ల కనబడుతది?”

ఇంజన్‌ను పట్టి ఉంచే రబ్బరు దిమ్మ నిలువునా చీలిపోయింది. ఇంజన్ మౌంట్ అంటారు. తొక్కినప్పుడల్లా ఇంజన్ లేచి పడుతోంది. మెకానిక్ గేర్‌బాక్స్ మాటే మర్చిపోయి, ఎదురు దుకాణానికి కొత్తదాని కోసం తనే నడిచాడు.

ఇంజన్ కింద జాకీ, జాకీ మీద చెక్కముక్క. పాత మౌంట్ ఊడింది. కొత్తదాని బోల్టు రంధ్రం వేలెడు పక్కకుంది. అప్పుడు ఫోన్ మోగింది. అక్క.

“తమ్మీ, నొప్పులస్తున్నయ్. జల్ది రా.”

“జర పట్టుకో అక్కా, అస్తున్నం.”

“ఏం పట్టుకోవాల్రా? ఆటో పిలవాల్నా?”

“ఆటో వద్దు!” అన్నాను. మా కుటుంబం ఆ రికార్డు ఒకసారి కొట్టింది, చాలు.

బాపు నా మొహం చూశాడు. ఇంజన్‌కు భుజం ఆనించి నెట్టాడు. మెకానిక్ జాకీని ఒక పిసరు లేపాడు. బోల్టు దిగలేదు. రెండోసారి కూడా దిగలేదు. మూడోసారి దిగింది.

ఇంటి ముందు అక్కను, అమ్మను వెనక సీట్లో ఎక్కించుకుని సూరత్ వైపు తిప్పాను. సెకండ్ గేర్ వెయ్యగానే అలవాటుగా చెయ్యి వాల్యూమ్ మీదికి పోయింది. పక్కనుంచి బాపు అరచెయ్యి కిందికి దిగింది. ఆపు. చెప్పులు విడిచి, ఒట్టి పాదాలు కింద ఆనించి కూర్చున్నాడు.

తొక్కాను. ఏమీ లేదు.

“ఆగింది,” అన్నాడు. నా వైపు తిరిగి, “తెచ్చిన దినమే తెల్సింది నాకు. నువ్వే చెప్తవేమోనని చూసిన,” అన్నాడు.

మెల్లగా అన్నాననుకున్నాడు, పాపం.

“ఏం తెల్సింది?” వెనకనుంచి అక్క. “ఏందిరా? ఖరాబైన బండిల నన్ను తిప్పినవారా నువ్వు—”

నొప్పి వచ్చి మిగతా తిట్టును మింగేసింది.

“దిగినంక చెప్త నీ సంగతి. తొక్కు!” అంది, ఊపిరి అందగానే.

తొక్కాను. ముందునుంచి ఏ చప్పుడూ రాలేదు. వెనక సీటు సంగతి వేరు. మేనల్లుడు ఆసుపత్రి మంచం మీదే పుట్టాడు, మేం గేటు దాటిన ఇరవై నిమిషాలకు. అక్క వాడిని ఎత్తుకోకముందే నన్ను పిలిపించి, ఆపిన తిట్టును ఆపిన చోటినుంచే పూర్తి చేసింది.