మడి నిండిన ఏడాది

పండ్ల తోటల పరిశోధన కేంద్రంలో తేనెటీగల మడిని పదకొండేళ్లు సాకింది పిన్ని. తోటలో చిన్నాపెద్దా అందరికీ ఆమె పిన్నే. అవి తుట్టె కట్టే రకం కాదు. ఏ తల్లికి ఆ తల్లే నేలలో బొరియ తవ్వి, పుప్పొడి ముద్ద పెట్టి, దాని మీద గుడ్డు పెట్టి మూసేస్తుంది. ఇన్నేళ్లూ పిన్నిది రోజుకూలీయే. వచ్చే ఏడు మడి నిండా ఈగలు లేస్తే పర్మనెంట్ చేయిస్తానని ఆఫీసరు మాటిచ్చాడు.

ఇక ఆమెకు కంటి మీద కునుకు లేదు. సాలీళ్లను ఏరేసింది, పిట్టలను తోలింది, తడి తగలకుండా బొరియల చుట్టూ జల్లించిన ఇసుక చల్లింది. కొన్నాళ్లకు బొద్దుగా, నూగుతో, పొడుగు ముక్కుతో కొత్తవి వచ్చాయి. ఇసుకలో తోక ఆడించి, బొరియల మీద గాల్లో నిలబడి ఏదో విసిరి పోతున్నాయి. కొత్త తల్లులు, లోపలికి పోవడానికి జంకుతున్నాయనుకుని మురిసిపోయింది.

అక్కడే కలుపు తీసే తోడికోడలికి అనుమానం వచ్చింది.

"అక్కా, మన తేనెటీగలకు నాలుగు రెక్కలు, వీటికి రెండే ఉన్నాయి. ఒక్కటీ లోపలికి పోవట్లేదు."

"పదకొండేళ్లుగా చూస్తున్నదాన్ని నేను. నువ్వు కలుపు తీసుకో."

మరుసటి ఏడు మడి నిండా లేచాయి. అన్నీ రెండు రెక్కలవే. ఆఫీసరు బొరియ అడుగున గుడ్డు ఉండే గది ఒకటి చీల్చి చూపించాడు. అవి తేనెటీగలే కావట, వాటి పిల్లలను తినే వేరే ఈగలట. ఆ ఈగ తన గుడ్లకు ఇసుక పూసి బొరియలోకి విసురుతుందట. దాని పురుగు లోపలికి పాకి, తేనెటీగ పిల్ల తిని బలిసేదాకా ఓపిక పట్టి, ఆనక తోలు మిగిలేదాకా పీల్చేస్తుందట. ఇసుక ఎవరు చల్లారని అడిగాడు. నేనేనంది. కోరి కొరివితో తల గోక్కున్నాక దాచేదేముంది? తోడికోడలు తన కలుపు తాను తీసుకుంటోంది. దెప్పినా బాగుండేదనిపించింది పిన్నికి.

ఉద్యోగం పోయిందనుకుంది. కానీ ఆఫీసరు ముఖం వెలిగిపోతోంది. ఈ ఈగలు ఇన్ని ఒకేచోట ఎవరికీ దొరకలేదట, ఆయన పరిశోధన అంతా ఇక వీటి మీదేనట. మూడు నెలల్లో పర్మనెంట్ ఆర్డరు వచ్చింది. పని ఈగలను పెంచడం.

"మరి వీటికి మేత, సార్?"

"కాలవ గట్టున తేనెటీగలున్నాయిగా. మట్టితో సహా పెకలించి తెచ్చెయ్."

ఆ చుట్టుపక్కల మిగిలినవి అవే. మర్నాడు పిన్ని గడ్డపార వేసి మొదటి పెళ్ల లేపింది. కాళ్ల నిండా పుప్పొడితో ఒక తల్లి తిరిగొచ్చి, వాకిలి ఉండాల్సిన చోట గాల్లో చుట్టూ చుట్టూ తిరిగింది. పిన్ని దాన్ని చూసింది. చూసి, రెండో పోటు వేసింది.