గాలి తొవ్వ మూసిన ప్రింటరు

ముందుగా ఒట్టు. ఇక్కడ నేను రాయబోయే ప్రతి మాటా నిజం. ఇందులో ఒక్క అబద్ధం దొర్లినా నా బనియన్లు ఈ జన్మలో మళ్లీ తెల్లబడకుండా పోవాలి. బొగ్గుబాయి పక్కన కాపురమున్నవాడు ఇంతకంటే పెద్ద ఒట్టు పెట్టుకోలేడు. నన్ను ఎరిగినవాళ్లు ఈపాటికే నవ్వుతుంటారు. నవ్వనివ్వండి.

మాది సెంటినరీ కాలనీలో కంపెనీ క్వార్టరు, నా నౌకరి కంపెనీ స్టోరులో. ఓపెన్ కాస్టు గని దగ్గరే. మధ్యాహ్నం బ్లాస్టింగ్ జరిగితే గోడ మీది క్యాలెండరు ఒక్కోసారి వచ్చే నెలకు పోయి ఆగుతుంది. ఇది కూడా ఒట్టు వేసిన తర్వాతే రాస్తున్నానని గమనించాలి. ఇక దుమ్ము సంగతి. పొద్దున తుడిచిన బల్ల మీద సాయంత్రం వేలితో అర్జీ రాసుకోవచ్చు. అందుకే మా వాడలో మూత లేని వస్తువు ఉండదు. నీళ్ల బిందె మీద పళ్లెం, పళ్లెం మీద గుడ్డ. టీవీకి గౌను, మిక్సీకి టోపీ. ఎక్కడ చిన్న బొక్క కనబడినా మూసేదాకా మాకు నిద్ర పట్టదు. ఈ అలవాటే ఆ రోజు కొంప ముంచబోయింది. నా కొంప కాదు, పక్కింటి బిడ్డ కొంప.

పక్కింటాయన నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్ద, అన్నా అని పిలుస్తాను. భూమి లోపలి గనిలో గాలి మళ్లించే పనిలో ముప్పై ఏళ్లు చేశాడు. ఏ దారిలో గాలి లోపలికి రావాలి, ఏ దారిలో బయటికి పోవాలి, ఎక్కడ తలుపు పెట్టాలి, ఎక్కడ పరదా కట్టాలి అన్నది ఆయన పని. చూపు మందగించడంతో మెడికల్ బోర్డు ఆయన్ను అన్‌ఫిట్ చేసింది. కంపెనీ నియమం ప్రకారం ఆ నౌకరి బిడ్డకు రావాలి. ఆమెకు ఇద్దరు పిల్లలు. భర్త లారీల మీద పోతాడు, పని దొరికితే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు. నౌకరి వస్తే ఆ ఇల్లు నిలబడుతుంది. రాకపోతే క్వార్టరు ఖాళీ చేసి అందరూ ఎక్కడికి పోవాలో ఎవరికీ తెలియదు.

కాగితాలు పెట్టుకోవడానికి గడువు ఆ రోజు సాయంత్రం అయిదింటితో సరి. అంతకు ముందు నింపిన ఫారంలో తప్పు దొర్లింది, తొమ్మిది పేజీలూ కొత్తగా నింపాల్సి వచ్చింది. ఆ రోజేమో బంద్. దేనికోసమో ఇప్పుడు గుర్తు లేదు, మాకు బంద్‌లు కొత్త కాదు. జిరాక్సు షాపులు, చాయ హోటళ్లు, అన్నీ మూత. ఆఫీసు మాత్రం తెరిచే ఉంటుంది. పన్నెండు గంటలప్పుడు అన్న బిడ్డ ఫోను చేతిలో పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది.

"కాకా, గీ ఫారం జర ప్రింటు తీసిస్తవా? అయిదు కొట్టకముందే ఆఫీసుల ఇయ్యాలె."

"నా ప్రింటరుండంగ నీకేం ఫికరు బిడ్డా. చాయ తాగు. కప్పు కింద పెట్టేలోపట నీ చేతిల పెడత," అన్నాను.

కప్పు కింద పెట్టింది. ఇంకో కప్పు కూడా తాగి కింద పెట్టింది. ప్రింటరు ఉలకలేదు, పలకలేదు. కంప్యూటరేమో ప్రింటరు కనెక్టు కాలేదని చెబుతోంది. వైరు చూస్తే ఉంది. తీసి పెట్టాను. సెట్టింగుల్లోకి పోతే ఒకే పేరుతో రెండు ప్రింటర్లున్నాయి, ఒకదాని పక్కన కాపీ అని రాసి ఉంది. మొన్న కంప్యూటరు తనంతట తాను అప్‌డేట్ అయినప్పుడు పాత డ్రైవరుకు తోడు కొత్తదాన్ని తెచ్చుకుంది. నేను పంపిన కాగితాలన్నీ లేని ప్రింటరు దగ్గరికి పోయి వరుసలో కూర్చుంటున్నాయి. కాపీ అన్నదాన్ని తీసేసి, కంప్యూటరును ఆపి మళ్లీ లేపి, డ్రైవరును కంపెనీ సైటు నుంచి దించి మొదటి నుంచి ఎక్కించాను. మా కాలనీ నెట్టుతో అది దిగేసరికి రెండు దాటింది.

ప్రింటరు గుర్రుమంది. "వచ్చె వచ్చె!" అని నేనే చప్పట్లు కొట్టాను. ఒక కాగితం బయటికి వచ్చింది. ఆ పిల్ల ఆత్రంగా అందుకుని చదివి, నా వంక చూసింది.

"కాకా, మీ అమ్మమ్మ మల్ల సచ్చిపోయిందా?"

వరుసలో ఇరుక్కుపోయిన నా సెలవు చీటీ అది. పోయిన నెల డ్యూటీకి నాగా పెట్టడానికి రాసుకున్నది. వంటింట్లోంచి నా భార్య గొంతు వినబడింది. "ఆ అమ్మమ్మ ఎన్నిసార్లు సచ్చినా దినాలకు మేం పోలేదు బిడ్డా."

నవ్వులు అయిపోయాక నేను గమనించిన సంగతి వేరు. చీటీలో అమ్మమ్మ చనిపోయిందన్న పై నాలుగు వరుసలూ కాటుకలా నల్లగా ఉన్నాయి. ఎన్ని రోజులు సెలవు కావాలన్న వరుస బూడిద రంగుకు దిగింది. సంతకం చోటు తెల్లగా ఉంది.

అంటే సిరా అందడం లేదు. కార్ట్రిజ్ నేను మూడు రోజుల కిందటే నింపాను. కొత్తది కొనడం మా ఇంటా వంటా లేదు. మందుల షాపులో సిరంజి, బజారులో నల్ల సిరా సీసా తెచ్చుకుని, పైనున్న కాగితం ఊడదీసి, సూది గుచ్చి మెల్లగా ఎక్కిస్తాను. ఈ విద్యలో నాకు మా వాడలో డాక్టరంత పేరుంది. బయటికి తీసి ఊపి చూస్తే లోపల సిరా బరువు తెలుస్తూనే ఉంది. గోరువెచ్చని నీళ్లలో గుడ్డ తడిపి కింద సిరా దిగే చోట అద్దాను, నల్లని చార బాగానే పడింది. హెడ్ క్లీనింగ్ రెండుసార్లు పెట్టాను. ఫారం మొదటి పేజీ కొట్టాను. పేరు, తండ్రి పేరు నల్లగా వచ్చాయి. చిరునామా దగ్గర మసక. కింద ఏమీ లేదు. కాసేపు ఆగి కొడితే మళ్లీ నాలుగు వరుసలు, మళ్లీ తెలుపు.

మూడున్నర అయింది. నా భార్య వచ్చి నా చెవి దగ్గర, "ఆ పిల్లను పోనియ్యరాదు?" అంది. ఎక్కడికో చెప్పలేదు. బంద్ నాడు పోవడానికి ఎక్కడుంది? నేను వినబడనట్టే ఊరుకున్నాను. ఆ పిల్ల పాడైన కాగితాలను ఒకదాని మీద ఒకటి పేర్చి అంచులు సరిచేస్తూ కూర్చుంది.

అప్పుడు వచ్చాడు మా అన్న, గోడ పట్టుకుని నడుస్తూ.

"ఏంది తమ్మీ, ఇంకా కాలేదా?"

"డ్రైవరు తక్లీఫ్ ఇచ్చిందన్నా. గిప్పుడు సిరా తక్లీఫ్ ఇస్తాంది."

ఆయన కుర్చీ ప్రింటరు దగ్గరికి జరుపుకుని కూర్చున్నాడు. "ఇంకోపారి నడిపియ్యి" అన్నాడు. నడిపాను. కళ్లు మూసుకుని విన్నాడు. తెరిచినా ఆయనకు పెద్ద తేడా లేదు.

"మొదాల మంచిగ వస్తాందా?"

"మంచిగ వస్తాంది. నాలుగు వరుసలకు ఎండుకపోతాంది."

"జరసేపు ఆగితే మల్ల వస్తాందా?"

"వస్తాంది."

"గా సిరా డబ్బ ఇటియ్యి."

కార్ట్రిజ్ తీసి చేతిలో పెట్టాను. బొటనవేలితో నాలుగు పక్కలా తడిమాడు. పై భాగం మీద వేలు ఆగింది. "గీ మెత్తగున్నదేంది?"

"టేపన్నా. సూది గుచ్చిన బొక్కల దుమ్ము పోకుంట ఏసిన. రెండు వరుసలు ఏసిన, గట్టిగ."

"ఒక్క బొక్కేనా కింద?"

"పక్కకు ఇంకోటి సన్నది ఉండె. అది కూడ మూసిన."

అన్న, తన కింద ఒకరి బదులు వచ్చి పనిచేసిన బదిలీ కూలీలు ఎలా భయపడేవాళ్లో నాకు అర్థమయ్యే గొంతుతో, "నువ్వు బాయిల దిగకుంట స్టోరుల కూసున్నది మంచిదైంది తమ్మీ. దిగితే అందరి పాణాలు తీస్తువు. లోపటికి గాలి వచ్చే తొవ్వ మూసి సిరాను బయటికి రమ్మంటే ఎట్ల వస్తది? గాలి వోతేనే కదా అది దిగేది," అన్నాడు.

ఆ సన్నపు బొక్క సిరా కోసం కాదు, గాలి కోసం. దుమ్ముకు భయపడి నేను దాని ముక్కు మూశాను. గోటితో టేపు పీకాడు. పీకగానే లోపలికి గాలి ఉస్సుమని పోయిన చప్పుడు మేమందరం విన్నాం. సూది గుచ్చిన బొక్క మీద చిన్న ముక్క మాత్రం మళ్లీ అంటించి, సన్నదాన్ని వదిలేశాం.

మొదటి పేజీ అడుగు దాకా నల్లగా వచ్చింది. రెండోది, మూడోది. తొమ్మిదో పేజీ ట్రేలో పడేసరికి నాలుగూ పది. ఆ పిల్ల మా బల్ల మీదే గబగబా నింపింది, అన్న వేలు పెట్టి చూపించిన చోట కాకుండా గడి ఉన్న చోట ఆయన చేతిని పట్టి సంతకం పెట్టించింది. గేటు ముందు ఆటో దొరికింది, ఎక్కింది. అయిదుకు పది నిమిషాలుండగా ఆఫీసు ముద్ర పడిందని ఫోను చేసింది. అన్న ఆ మాట విని, మా ఇంట్లోనే, ఆ ప్రింటరు పక్కనే, చాయ అడిగి తాగాడు.

నౌకరి వచ్చింది. ఇప్పుడామె గనిలోకి దిగేవాళ్లకు దీపాలిచ్చే గదిలో పనిచేస్తోంది.

ఈ కథ నేను వందసార్లు చెప్పి ఉంటాను. ఎవరో ఒకరు నన్ను అడుగుతారు: "అన్నా, బంద్ నాడు ఆటో ఎట్ల దొరికింది?" ఇన్నాళ్లూ దానికి ఏదో ఒకటి అల్లి చెప్పాను. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఆ రోజు బంద్ లేదు. జిరాక్సు షాపులు అన్నీ తెరిచే ఉన్నాయి. ఆ పిల్ల చెప్పులేసుకుని షాపుకే బయలుదేరింది. నేనే గుమ్మంలో నిలబడి, ఇంట్లో ప్రింటరుండగా బజారుకెందుకు అని వెనక్కి పిలిచాను. నాలుగు గంటలు కూర్చోబెట్టాను. నా భార్య పోనియ్యమన్నది అక్కడికే. నా చేతిలో కాని పని పది అడుగుల చిన్న జిరాక్సు షాపులో అవుతుందని ఒప్పుకోవడం ఇష్టం లేక వినబడనట్టు ఊరుకున్నాను. ఉస్సుమన్న చప్పుడు కూడా నేను కలిపిందే, కానీ అది చిన్న విషయం.

మొన్న మా వాకిట్లో కొత్తగా వచ్చిన పక్క వరుస క్వార్టరు వాళ్లకు ఈ కథ చెబుతున్నాను. అన్న బిడ్డ డ్యూటీ దిగి వస్తూ గేటు దగ్గర ఆగి వింది. వాళ్లలో ఒకాయన ఆమెనే అడిగాడు, నిజంగా ఆనాడు బంద్ ఉండెనా అని.

ఆమె నా వంక ఒకసారి చూసింది.

"ఉండె," అంది. "ఒక్క షాపు కూడ తెరవలేదు."