కప్పు లేని ఏడాది, కొల్లేటి లంకలో ఒక ఆట

ఆ ఏడు మా ఏలూరు కాలేజీ ఫుట్‌బాల్ టీముకి ఏ లీగులోనూ చోటు దొరకలేదు. ఆట మానేద్దామన్నవాళ్లూ ఉన్నారు. కెప్టెన్ రంగారావు మాత్రం, "పిలిచిన ఊరికల్లా వెళ్లి ఆడదాం" అన్నాడు. అలా దెందులూరులో ఆడాం, జంగారెడ్డిగూడెంలో ఆడాం. మధ్యలో మా సెంటర్ ఫార్వర్డ్ వెంకన్న, తండ్రికి పక్షవాతం వచ్చిందని కొల్లేటిలోని తన లంకకు వెళ్లిపోయి మరి రాలేదు. వేసవి మొదట్లో కబురు పంపాడు, అక్కడ టీము పెట్టానని, వచ్చి ఆడమని. ఇంటర్మీడియట్ పరీక్షలు దగ్గరపడ్డాయి. హాజరు తక్కువైనా వెంకన్నని రాయనిస్తామని ప్రిన్సిపాలుగారు ఒప్పుకున్నారు. ఆ మాట చెప్పి వాణ్ణి తెచ్చుకోవాలనే మేం బయల్దేరాం.

శనివారం తాడేపల్లిగూడెంలో ఆడి, మర్నాడు పొద్దున్నే పాసింజరెక్కి ఏలూరులో దిగాం. స్టేషను బయట జట్కాలుంటాయి. మనిషికి ఆరణాల చొప్పున కొల్లేటి ఒడ్డుదాకా తీసుకెళతారు. అక్కణ్ణించి నాటుపడవలే. వేసవిలో నీరు తగ్గి, జమ్ముగడ్డి మధ్య సన్నటి నీటిదారులు మిగులుతాయి. గూడబాతులు మమ్మల్ని చూసి కదల్లేదు కూడా. గడ వేస్తున్న పెద్దాయన మా బంతి చూసి, "వెంకన్నబాబు మీదకేనాండీ? మావోళ్లు గట్టోళ్లండీ, ఆయ్" అని నవ్వాడు. గంట ప్రయాణం. ఎండ ముదరకముందే లంక చేరాం.

వెంకన్న ఒడ్డునే ఉన్నాడు. నల్లబడ్డాడు, చేతులు కాయలు కాశాయి. ఇంట్లో తండ్రి మంచం మీదనుంచే ఎడమచేయి ఎత్తి పలకరించాడు. వాళ్లమ్మ అందరికీ కొర్రమీను పులుసు పెట్టింది. మా గోల్‌కీపరు శర్మ పురోహితుల అబ్బాయి. ఆవిడకి అది ముందే తెలుసు. "ఏవండీ బాబూ, మీకు పాలూ అరటిపళ్లూ వేరే ఉంచానండి. ఎడంగా కూర్చుంటారా?" అంది. "వద్దండీ, వీళ్ల పక్కనే కూర్చుంటాను" అని శర్మ మా వరసలోనే కూర్చున్నాడు.

భోజనాలయ్యాక రంగారావు ప్రిన్సిపాలుగారి మాట చెప్పాడు. వెంకన్న తల వంచుకున్నాడు. "నాన్న లేవలేడు. వల నేనే వెయ్యాలి. రాలేనురా." తల్లి గుమ్మంలోంచి, "నేను చెప్పి చెప్పి అలిసిపోయానండి. మీరైనా చెప్పండి" అంది.

ఎండ చల్లారాక ఆట మొదలైంది. నీరు తీసిన కొల్లేటి నేలే మైదానం. పడవ గడలు పాతి, వెనక చేపల వల కట్టారు. వాళ్లంతా వట్టికాళ్లతోనే ఆడారు. వెంకన్న నేర్పిన పాసులు మావే, మమ్మల్నే తిప్పలు పెట్టాయి. చివర్లో వాడు నన్ను దాటుకుని వెళ్లి గోలు కొట్టాడు. వలలో బంతి చిక్కుకుంది. లంకంతా కేకలు. అందరికన్నా ముందు పరుగెత్తి వాణ్ణి కౌగిలించుకున్నది గోలు ఇచ్చిన శర్మే. ఇద్దరూ ఏడుస్తున్నారు.

తిరుగు ప్రయాణంలో గడ వెంకన్నే వేశాడు. ఒడ్డు కనబడుతుండగా, "పరీక్ష ఏ రోజురా?" అన్నాడు. రంగారావు చెప్పాడు. వాడు తలూపి, మమ్మల్ని దింపి, పడవ తిప్పుకుని వెళ్లిపోయాడు.

వచ్చాడు. రోజూ చీకటితో వల తీసి, చేపలు తల్లికి అప్పగించి, ఆ పెద్దాయన గడ వేస్తుంటే పడవలోనే చదువుకుంటూ వచ్చి పరీక్షలన్నీ రాశాడు. పాసయ్యాడు. పై చదువుకి మాత్రం రాలేదు. అది వాడు ఆలోచించుకుని తీసుకున్న నిర్ణయం, మేం మళ్లీ అడగలేదు. ఆ ఏడాది మేం ఎన్ని గెలిచామో ఇప్పుడు సరిగ్గా చెప్పలేను. లీగులో ఉండి ఉంటే ఆ ఆదివారం మరెక్కడో పాయింట్ల కోసం ఆడుతూ ఉండేవాళ్లం. ఓడిపోయి అంత తేలికైన మనసుతో ఇల్లు చేరింది ఆ ఒక్కసారే.

వెళ్లదలచినవారికి ఒక్క మాట: తిరుగు పడవ ముందే మాట్లాడుకోండి, కానీ పెందరాళే అని చెప్పకండి. లంకలో భోజనం పెట్టకుండా ఎవరూ పంపరు.