మూడో పిలుపు

మా ఇంటి వెనక తలుపు తీస్తే నీళ్లే. బహదూర్‌పురా దాటి కిషన్‌బాగ్ వైపు తిరిగాక, సందులన్నీ అయిపోయిన చోట, మీర్ ఆలం చెరువు ఒడ్డున ఉండేది మా అత్తగారి పాల కొట్టం. పద్నాలుగు బర్రెలు, రెండు గదులు, ఒక వేపచెట్టు. నేను పుట్టి పెరిగింది ఫలక్‌నుమాలో, రైలు పట్టాల పక్కన. అక్కడ నీళ్లంటే వీధి పంపు, దాని ముందు బిందెల వరస. నన్ను బడికి పంపలేదు. మా బాపు పని నుంచి వచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా నాకు పలక మీద అక్షరాలు దిద్దించేవాడు. ఆ అక్షరాలతోనే ఇది రాస్తున్నాను. ఆయనకు దండం పెట్టకుండా మొదలుపెట్టలేను.

పెళ్లై వచ్చిన ఏడాది, ఇంత నీళ్లు ఒక్కచోట చూసి నోరు తెరిచాను. ఎండాకాలం పాత బస్తీ అంతా పెనంలా కాలుతుంటే మా వెనక గుమ్మంలో చల్లగాలి. చలికాలం ఎక్కడెక్కడివో పక్షులు. సెలవురోజున చెరువు పక్కనే ఉన్న జూ చూడటానికి వచ్చినవాళ్లు టిఫిను డబ్బాలు పట్టుకుని ఒడ్డు వరకూ నడిచి వచ్చి, "మీకేందమ్మా, దినాం పండుగనే" అనేవారు. నవ్వి ఊరుకునేదాన్ని. వాళ్లు ఎండ ఉన్నంతసేపే ఉండి పోయేవాళ్లు. చెరువు తెల్లవారుజామున ఎట్లా ఉంటుందో వాళ్లకు తెలియదు.

జూలో సింహాలు తెల్లవారుతుండగా గర్జించేవి. మా ఇంటికి వచ్చిన చుట్టాలు మొదటిరోజు ఉలిక్కిపడి లేచి కూర్చునేవారు. మూడోరోజుకు అది వాళ్లకు చాయ్ నీళ్లు పెట్టే వేళ. నేను మాత్రం ఎన్నేళ్లైనా దానికి అలవాటు పడలేదు. గర్జన జూ వైపు నుంచి వచ్చేది కాదు, నీళ్ల మీద నుంచి వచ్చేది. చెరువు నిశ్చలంగా ఉన్నరోజు ఆవలి గట్టున ఎవరో దగ్గితే మా దొడ్లో దగ్గినట్టే ఉండేది. సైకిల్ బెల్లు మోగితే నేను రెండుసార్లు గేటు తీసి చూశాను. ఎవరూ లేరు.

పొగమంచులో బర్రెలు నీళ్లలోకి దిగితే ముందు కాళ్లు పోయేవి, తర్వాత పొట్టలు, చివరకు కొమ్ములు మిగిలేవి. ఒకరోజు ఆ కొమ్ముల జతలు లెక్కపెట్టాను. పదిహేను వచ్చాయి. మళ్లీ లెక్కపెట్టబోతుంటే అత్తమ్మ నా చెయ్యి పట్టుకుని దించింది.

"లెక్కవెట్టకు. మనయి మనకొస్తయి."

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉండేది. నేను వచ్చిన మొదటివారమే అత్తమ్మ చెప్పింది.

"నీళ్ల కాడ ఎవలన్న పిలిస్తె ఒక్కసారికి పల్కకు బిడ్డా. రెండోసారికి గూడ పల్కకు. మనిషైతే మూడోసారి పిలుస్తడు. అదైతే రెండుసార్లే పిలుస్తది."

"అదంటే ఏంది అత్తమ్మా?"

"అదంటే అదే. ఏందని అడుగుతరా?"

ఇదేదో మా ఇంటి భయం అనుకున్నాను. కానీ రోజూ అర్ధసేరు పాలకు వచ్చే పక్క సందు ముసలమ్మ, అందరూ బడీ బీ అనేవారు, ఆమె కూడా అదే చెప్పింది. "పైలీ ఆవాజ్ కు జవాబ్ నక్కో దేవ్ బేటీ." మొదటి కేకకు జవాబివ్వకు అని. ఇద్దరి దేవుళ్లు వేరు, చెరువు ఒకటే.

నీళ్ల దగ్గర అలవాటైంది ఇంట్లోకీ వచ్చేసింది. ఎవరిని పిలిచినా మూడుసార్లు పిలవాలి. మా ఆయన కంచం ముందు కూర్చుని అనేవాడు: "గుడిల దేవుడు ఒక్కసారి మొక్కితే ఇంటడు. ఈ ఇంట్ల పులుసు కావాలంటె మూడుసార్లు మొరవెట్టుకోవాలె."

"మూడోసారి అడిగినప్పుడు పోస్త తియ్, ఇంక రెండే అయినయ్" అనేది అత్తమ్మ.

మా ఆడబిడ్డ నాకంటే నాలుగేళ్లు చిన్నది. నీళ్లు పాతాళంలో ఉండే ఊరికి ఇచ్చారు ఆమెను. అక్కడ బావిలోకి చూస్తే కళ్లు తిరుగుతాయని చెప్పేది. పుట్టింటికి వచ్చిందంటే ముందు సంచీ కింద పెట్టేది కాదు, తల్లిని పలకరించేది కాదు. నేరుగా వెనక తలుపు తీసుకుని పోయి చెరువులో కాళ్లు పెట్టి నిలబడేది. అక్కడినుంచే "వదినా" అని, చివర సాగదీసి పిలిచేది. ఆ సాగదీత ఇంకెవరికీ రాదు.

ఒక చలికాలం ఏడో నెలలో పురిటికి వచ్చింది. అంతకుముందు ఒక కాన్పు నిలవలేదు. అత్తమ్మ నన్ను పొయ్యి దగ్గర కూర్చోబెట్టి చెప్పింది. "గీ పిల్ల నీ జిమ్మ. ఒట్టి మనిషి గాదు. నీళ్ల దిక్కు పోనియ్యకు. ఈసారి ఏమన్న అయితె అది బతకది, నేను బతక."

నేను మాట ఇచ్చాను. పది రోజులు నిలబెట్టుకున్నాను. పదకొండో రోజు, పాలు పితకడం అయిపోయి మా ఆయన క్యాన్లు సైకిలుకు తగిలించుకుని పోయాక, ఆమె నా కొంగు పట్టుకుంది.

"ఒక్కసారి కాళ్లు తడుపుకుంట వదినా. అమ్మ ఇంక లేవలే."

"అత్తమ్మకు తెలిస్తె నా తోలు తీస్తది."

"నాది ఎట్లనో సాగింది, ఇంక నీ తోలు జర తీస్తె ఏమాయె?" అని కడుపు చూపించి నవ్వింది.

తీసుకుపోయాను. ఆ తప్పు నాది, ఇంకెవరిదీ కాదు.

పొగమంచు మనిషెత్తున ఉంది. బర్రెలను తోలి, నేను బండ మీద కూర్చుని మిగిలిన ఖాళీ క్యాన్లు తోముతున్నాను. ఆమె నా పక్కనే నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చుంది. చుక్కబర్రె ఒక్కటి ఒడ్డు వెంట తుంగలోకి పోతోంది. దూడగా ఉన్నప్పుడు దాన్ని ఆమే పెంచింది. "దాన్ని మళ్లేసుకొస్త" అని లేచింది. "దూరం పోకు" అన్నాను. నాలుగడుగులకే ఆమె కనబడలేదు. చుక్కబర్రె మెడలో గంట మాత్రం వినబడుతోంది. అదే ఆనవాలుగా పెట్టుకుని తోముతున్నాను.

గంట ఆగింది.

చెయ్యి ఆపాను. ఏ చప్పుడూ లేదు. పక్షులు కూడా లేవు. అప్పుడు, నీళ్ల మీద నుంచి,

"వదినా."

చివర సాగింది. ఆమె గొంతే. నోటిదాకా వచ్చిన జవాబును పళ్ల మధ్య పట్టుకున్నాను. ఒకటి.

కొంచెంసేపటికి మళ్లీ, ఈసారి ఇంకా దగ్గరగా, నా చెవి పక్కనే అన్నట్టు,

"వదినా."

రెండు. మూడోదాని కోసం చెవి పెట్టి కూర్చున్నాను. చేతిలో క్యాను అట్లాగే ఉంది. అందులోంచి నీళ్లు బొట్టుబొట్టుగా కారి అయిపోయాయి. మూడోది రాలేదు. జూలో సింహం ఒకసారి అరిచి మానుకుంది.

అదైతే రెండుసార్లే పిలుస్తుంది. మరి మనిషికి మూడోసారి పిలిచే ఓపిక లేకపోతే? ఆ ప్రశ్న ఆ ఇంట్లో ఎవరూ అడిగినట్టు లేదు. చెరువు కట్ట మీది అమ్మవారు కట్టమైసమ్మను తలుచుకున్నాను. "అమ్మా, తప్పైతే నా ఒక్కదాని మీదనే వెయ్యి" అని లేచాను.

బురదలో గిట్టల గుర్తులు పట్టుకుని పోయాను. వాటి పక్కన ఆమె పాదాల గుర్తులు. తుంగ దగ్గర గిట్టల గుర్తులు పక్కకు తిరిగాయి, పాదాలవి నేరుగా పోయాయి. పోయిన ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు ఇటుక బట్టీల వాళ్లు అక్కడ మట్టి తవ్వారు. వానలకు ఆ గుంత నిండి చెరువులో కలిసిపోయింది. అది మాకు తెలుసు, బర్రెలకు తెలుసు. రెండేళ్లుగా ఊళ్లో లేని మనిషికి తెలియదు.

ముందు చుక్కబర్రె కనబడింది. గుంత అంచున, గట్టి నేల మీద, రాయిలా నిలబడి ఉంది. దాని మెడకు వేలాడే పొడుగాటి పలుపు నీళ్లలోకి బిగుసుకుని ఉంది. ఆ పలుపు చివర రెండు చేతులు. మెడ దాకా మునిగి, కళ్లు పెద్దవి చేసి ఆమె నన్నే చూస్తోంది. పెదవులు గట్టిగా మూసి ఉన్నాయి. నన్ను చూసి కూడా నోరు తెరవలేదు.

"హై! హై! నడువ్!" అని బర్రె వీపు మీద చరిచాను. అది ఒక్క అదురు అదిరి వెనక్కి నడిచింది. పలుపుతో పాటు ఆమె బురదలోంచి లేచి వచ్చింది. చంకల కింద చేతులు వేసి ఒడ్డుకు లాగాను. నా చీర విప్పినంత పని చేసి ఆమెకు చుట్టాను. కడుపు మీద చెయ్యి పెట్టాను. లోపల బిడ్డ గట్టిగా తన్నింది. ఆ తన్ను ఇప్పటికీ నా అరచేతిలో ఉంది.

అప్పుడు కోపం వచ్చింది.

"ఒక్క మాట 'హై' అంటె బర్రె గుంజుతుండె గద! నోరు పడిపోయిందా నీకు?"

ఆమె పళ్లు కొట్టుకుంటున్నాయి. "నువ్వు పిలుస్తున్నవ్ గద వదినా. 'పిల్లా, పిల్లా' అని. రెండుసార్లే పిలిచినవ్. మూడోసారి పిలిస్తె పల్కుదామని నోరు మూసుకున్న."

"నేను పిలువలే."

"నీ గొంతే."

"నేను పిలువలే పిల్లా. నువ్వే పిలిచినవ్ నన్ను."

ఆమె తల అడ్డంగా ఊపింది. ఇద్దరం ఒకేసారి నీళ్ల వైపు చూశాం. మంచు తప్ప ఏమీ లేదు. అక్కడ ఇంక ఒక్క మాట మాట్లాడుకోకుండా, చుక్కబర్రెను మధ్యలో పెట్టుకుని ఇంటికి వచ్చాం.

అత్తమ్మ అంతా విన్నది. ఒకే ఒక్కటి అడిగింది.

"మూడోసారి పిలువకముందే లేసినవా?"

"లేసిన అత్తమ్మా."

తిడుతుందనుకున్నాను. ఆమె లేచి, ముంత నిండా పాలు తీసుకుని కట్టమైసమ్మ దగ్గరికి పోయింది. మధ్యాహ్నం దాకా రాలేదు. మమ్మల్ని ఇద్దరినీ పిలిచింది ఏమిటన్నది ఆమె ఎన్నడూ ఎత్తలేదు. సాయంత్రం బడీ బీకి చెప్పాను. ఆమె పాల గిన్నె కింద పెట్టి చెరువు వైపు తిరిగింది. "జో బీ థా, షుకర్ బోలో" అంది. ఎవరైతేనేం, మేలు తలుచుకో అని.

నేను తలుచుకుంటూనే ఉన్నాను. ముంచాలనుకున్నది నన్ను ఎందుకు పిలుస్తుంది? కాపాడాలనుకున్నది ఆమె నోరెందుకు మూయిస్తుంది? ఎంత ఆలోచించినా ఈ రెండూ ఒకదాని పక్కన ఒకటి ఒదగవు. అందుకని దీపం పెట్టేటప్పుడు ఇద్దరు ఉన్నారనే అనుకుని ఇద్దరికీ దండం పెడతాను.

ఆడపిల్ల పుట్టింది. ఏటా తల్లితో వచ్చేది. ఇద్దరూ సంచీలు కింద పెట్టకుండా వెనక తలుపు తీసి నీళ్లలో నిలబడేవాళ్లు. అత్తమ్మ మాత్రం చివరిదాకా మూడో పిలుపుకే పలికింది. ఆమెను కంచం దగ్గరికి పిలిచిపిలిచి మా గొంతులు పోయేవి.

నేను ఆ రోజు నుంచి మొదటి పిలుపుకే పలుకుతున్నాను. మంచు దిగిన తెల్లవారుజామున, ఆడబిడ్డ తన ఊళ్లో ఉందని తెలిసి కూడా, నీళ్ల మీద నుంచి చివర సాగిన ఆ "వదినా" ఎన్నోసార్లు వినబడింది. చేతిలోది అక్కడే పెట్టి, "ఆఁ, వస్తున్న" అని పైకే అని, తుంగ దాకా పోయి గుంత చూసి వచ్చేదాన్ని. ఎవరూ ఉండేవారు కాదు. ఎవరూ లేనందుకు ఒక దండం పెట్టి, వచ్చి మళ్లీ క్యాన్లు తోముకునేదాన్ని.