దుంగ మీద సోములమ్మ

పెదబయలు దాటి కొండెక్కే దారిలో ఉన్న ఆ ఊళ్లో సోములమ్మంత పిరికి మనిషి ఇంకొకరు లేరు. ఈ మాట ఊరు అనక్కర్లేదు, ఆవిడే చెప్పుకుంటుంది. కప్ప గెంతితే కేక, ఆవు తల తిప్పితే కేక. బాప్తిస్మం తీసుకున్నాక భయం పోలేదు గానీ, తోడు దొరికింది. గుమ్మం దాటేటప్పుడల్లా ఓ పక్కకి ఒదిగి నిలబడి, "ప్రభువా, నువ్వు ముందు నడు, నానెనకాల వస్తాను" అనేది. ఆయన దాటాడని నమ్మకం కుదిరాకే తను అడుగేసేది. దారిలో పాముంటే ముందు కాటు ఎవరికి పడుతుందో ఆవిడ ఎన్నడూ ఆలోచించలేదు.

చైత్రంలో ఇటుకల పండుగ వస్తుంది. మగాళ్లంతా వేటకని అడవిలోకి పోతారు. ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా దుంగ పెట్టి, పాటలు పాడి, వచ్చేపోయే బళ్ల దగ్గర పండుగ డబ్బులు పుచ్చుకుంటారు. చర్చిలో చేరినప్పటినుంచి సోములమ్మ ఆ ఛాయలకి పోవడం మానేసింది. మానేసి ఊరుకుందా, పోయేవాళ్లకి నీతులు కూడా చెప్పింది. తోటికోడలు రాజకుమారికి అది సరిపోయింది. ఎదురైనప్పుడల్లా, "దుంగ ఏపు సూడకక్కా, కళ్లకి పాపం అంటుకుంటాది" అని ఏడిపించేది.

ఆ పండుగ రోజుల్లోనే మనవరాలు సౌందర్యకి జ్వరం తగిలింది. కూతురు పోయాక ఆ పిల్లే సోములమ్మకి లోకం. ఓ ఉదయం పిల్ల కళ్లు తేలేసి, ఒళ్లు కొయ్యబారింది. ఊళ్లో ఫోనుకి సిగ్నల్ లేదు. మోటారు సైకిళ్లన్నీ మగాళ్లతో పోయాయి. పాస్టరు తాతారావుగారు ఆదివారం తప్ప రారు. సోములమ్మ పిల్లని వీపుకి కట్టుకుని రోడ్డు మీదికి పరిగెత్తింది.

చెయ్యెత్తింది. జీపువాడు చూశాడు, కిటికీలోంచి పది రూపాయల నోటు విసిరి దూసుకుపోయాడు. వెనకాల వచ్చిన ఆటోవాడూ చిల్లర విసిరి పోయాడు. పండుగ రోజుల్లో రోడ్డు పక్కన చెయ్యెత్తిన ఆడమనిషికి డబ్బులు తప్ప ఇంకేం కావాలి? పాపం, వాళ్ల లెక్క వాళ్లది. డబ్బు చూసి ఏడవడం సోములమ్మకి అదే మొదలు.

అంబలి తాగడానికి పోయిన ఆడవాళ్లు వదిలేసిన దుంగ చెట్టు కింద కనబడింది. పిల్లని నీడలో పడుకోబెట్టి, దాన్ని రోడ్డుకి అడ్డంగా ఈడ్చింది. "ప్రభువా, నువ్వు ముందు నిలబడు" అంది. అంతలో మలుపులోంచి వ్యాను వచ్చింది. సంతలో చింతపండు కొనుక్కెళ్లే నర్సీపట్నం శ్రీనివాసరావుది. హారన్ కొట్టాడు, వేగం తగ్గించలేదు. సోములమ్మ దుంగ మీద కూలబడి, కళ్లు గట్టిగా మూసుకుని, చర్చి పాట అందుకుంది. రాగం మాత్రం పండుగ పాటది.

బండి ఆగింది. ఇంజను వేడి మొహానికి తగిలింది.

"ఏటమ్మా, సచ్చిపోదామనా? ఇందా, తీస్కో!" నోటు చాపాడతను.

"డబ్బులొద్దు బాబూ. మా గుంటని ఆస్పత్రికి తీసుకెళ్లు."

"బండి నిండా బస్తాలే. ఎక్కడ కూకుంటారు?"

"దించీ."

"ముందు నువ్వు లే!"

"లెగను."

ఆ మాట అన్నది తనేనా అని సోములమ్మకే అనుమానం వచ్చింది.

దుంగని ఎవరో ఎత్తుకుపోయారని రాజకుమారి ఆడవాళ్ల మందనేసుకుని తిట్టుకుంటూ వచ్చింది. దుంగ మీద అక్కని చూసి నోరు తెరిచింది. నీడలో పిల్లని చూసి నోరు మూసుకుంది. గబగబా వ్యానెక్కి బస్తాలు దించడం మొదలుపెట్టింది.

"మీ సరుకు మేం కాస్తాం బాబూ, బేగి ఎల్లండి."

"ఒక్క బస్తా తగ్గిందో, ఊరుకోను!"

"తగ్గితే పండుగ డబ్బులనుకోండి."

తిట్టుకుంటూనే శ్రీనివాసరావు పిల్లని తన చేతులతో ఎత్తి ముందు సీట్లో పడుకోబెట్టాడు. సోములమ్మని ఇద్దరు ఆడవాళ్లు పట్టుకుని ఎక్కించాల్సి వచ్చింది. ఆస్పత్రిలో మెదడుకెక్కిన మలేరియా అన్నారు. సౌందర్య బతికింది.

పిల్ల ఇంటికి వచ్చాక, ఆదివారం చర్చిలో దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమన్నారు. చర్చి నిండింది. రాజకుమారి కూడా వచ్చి గుమ్మంలో నిలబడింది.

"సోములమ్మగారూ, బండికి ఎదురుగా కూర్చునేంత ధైర్యం దేవుడు మీకెలా ఇచ్చాడో చెప్పండి" అన్నారు తాతారావుగారు.

"ధైర్యం ఎక్కడిది అయ్యగారూ? బండిని సూసి పారిపోదామనే అనుకున్నాను. కాళ్లు రాలేదు. అందుకే కూలబడ్డాను. ఆ బాబు లే అన్నాడు, లెగలేకే లెగనన్నాను."

అందరూ పగలబడి నవ్వారు. సోములమ్మ ఆ నవ్వు అయ్యేదాకా ఆగింది.

"ఆ పూట నాకు కాళ్లుంటే ఈ గుంట ఉండేది కాదు. ఆ కాళ్లు తీసేసినోడు ప్రభువే."

ఆవిడ సౌందర్య చెయ్యి పట్టుకుని బయల్దేరింది. గుమ్మం దగ్గర అలవాటుగా ఓ పక్కకి ఒదిగింది. రాజకుమారి, ఎగతాళికో నిజానికో తెలీదు, తనూ రెండో పక్కకి తప్పుకుని దారిచ్చింది.